చుక్క గుర్తున్నవి తప్పనిసరి

ఫర్వానియాలో శుక్రవారం, మధ్యాహ్నం మూడు.
డబ్బు పంపే కొట్టులో ఏసీ గొంతు బొంగురు.
గోడకి తగిలించిన తెర ముందు
ఓబులమ్మ అరగంటగా నిలబడే ఉంది.

ఆ తెర నేను రాసిందే.
ఎక్కడ ఏం కొట్టాలో, ఎంతకి మించకూడదో,
తప్పైతే ఏ ఎరుపులో అరవాలో
నిరుడు రంజాన్ నెల కుదించిన పనిగంటల్లో
గబగబా రాసి పారేసింది.
ఎలా నడుస్తోందో చూసి రమ్మన్నారు, వచ్చాను.
మెళ్ళో కంపెనీ బిళ్ళ.

ముందు సివిల్ ఐడీ కొట్టింది.
మీటలు అరబ్బీలో ఉన్నాయి, అంకెలూ అరబ్బీలో పడ్డాయి.
వాళ్ళ ఐదు మన సున్నాలా ఉంటుంది,
వాళ్ళ సున్నా ఉత్త చుక్క.
పన్నెండూ సరిగ్గానే ఉన్నాయి.
"అంకెలు మాత్రమే" అంది తెర,
అరబ్బు దేశంలో గోడకి వేలాడుతూ.

వరసలో ఎవరో చెయ్యి చాపి మీటలు మార్చారు.
తర్వాత పేరు. ఓబులమ్మ.
తర్వాత ఇంటిపేరు.
పక్కన ఎర్ర చుక్క గుర్తు.

పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ.
రాయచోటి ఏజెంటు నింపలేదు, ఆఫీసులో అడగలేదు.
పదకొండేళ్ళుగా ఆ ఖాళీతోనే
మూడిళ్ళలో గిన్నెలు తోమింది,
ఒక ముసలామెకి కన్ను మూసేదాకా ముద్దలు పెట్టింది.
"ఏది రాయాల నాయనా,
పుట్టినింటిదా, మెట్టినింటిదా?"
ఏది రాసినా పాస్‌పోర్టుతో కలవదు.
రాయకపోతే బొత్తాం వెలగదు.
అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు.

"పోయిన నెల టైపింగు పిల్లోడు
ఓబులమ్మ ఓబులమ్మ అని రెండుతూర్లు కొట్నాడు."
ఒకసారి పిలిస్తే పలకని మనిషిలా.
పేరు కలవలేదని డబ్బు పదహారు రోజులు ఆగింది.
చెల్లెలి కూతురు నర్సింగు ఫీజుకి
కమ్మలు కుదువ పెట్టింది.

నాలుగింటికి కారొస్తుంది, ఆమెని తీసుకుపోతుంది.
ఎర్ర అక్షరాలు. బూడిదరంగు బొత్తాం.
వేలు ఎక్కడో తగిలింది, పేజీ మళ్ళీ మొదలైంది.
కొట్టినవన్నీ తుడుచుకుపోయాయి.
"ఏంది నాయనా అది,
అన్నిటికీ ఉరుముతాండాది?"

ఆ ఉరుము నాదని చెప్పలేదు.

మూలనున్న బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను.
అదే పేజీ, పరీక్షకి పెట్టుకున్న నకలు.
కుడి మీట నొక్కితే లోపలి అల్లిక కనబడుతుంది.
'తప్పనిసరి' అన్న మాట ఒక్కటి చెరిపేశాను.
బొత్తాం వెలిగింది.

లోపల సర్వర్ ఏమీ అడగలేదు.
ఇంటిపేరు సరే,
నువ్వెవరని కూడా అడగలేదు.
భయమేసి, పంపే మొత్తం దగ్గర
మైనస్ నలభై దినార్లు వేసి చూశాను.
చిత్తం అంది.

వీధిగుమ్మంలో బెత్తం పట్టుకుని నిలబడ్డాను ఇన్నాళ్ళూ,
పెరటి తలుపుకి గడియ ఉందో లేదో చూడకుండా.
తెలిసినవాడికి నేనొక కర్టెను.
చెప్పిన మాట వినే ఓబులమ్మకి గోడ.

మూడో కౌంటర్లో సిబిన్ ఉన్నాడు, త్రిశూర్ కుర్రాడు.
ఆమెని అక్కడికి తీసుకెళ్ళాను.
కాగితం మీద రాశాడు, నీలం సిరా.
ఇంటిపేరు దగ్గర ఆగి ఆమె వంక చూశాడు,
ఒక చుక్క పెట్టి ముందుకెళ్ళాడు.

రసీదుని కళ్ళకి దూరంగా పట్టుకుని
"ఇదేంది, సున్నానా?" అంది ఓబులమ్మ.
బయట హారను మోగింది.
జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

ఆదివారం ఆఫీసులో ఎర్ర చుక్క తీసేశాను.
అరబ్బీ అంకెలకి దారిచ్చాను.
సర్వర్ వాళ్ళకి మైనస్ నలభై సంగతి రాశాను.
మధ్యాహ్నానికి జవాబొచ్చింది:
"అలాంటివి మా దాకా రాకుండా
నువ్వే ఆపుతావుగా."